తిట్టడం రాని అత్తగారు

ఆ రోజు పొద్దున డాక్టరమ్మకు కాఫీ కూడా సహించలేదు. ఏడాదిగా పెంచుతున్న ఎలుగుబంటి పిల్లకు ఆ రోజే పరీక్ష. పరీక్ష ఎలుగుకే అయినా, నిద్ర పట్టనిది మాత్రం ఆవిడకే.

“మన పిల్ల పరీక్షలకు కూడా నువ్వింత కంగారు పడలేదు,” అన్నాడు భర్త, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

“మన పిల్ల ఫెయిలైతే మళ్ళీ రాస్తుంది. ఇది ఫెయిలైతే బతికినంతకాలం బోనే,” అంది ఆవిడ చెప్పులేసుకుంటూ.

వంటింట్లోంచి అత్తగారు తొంగి చూసింది. ఏదో అడగబోయి, కోడలి ముఖం చూసి ఊరుకుంది.

గాయపడిన జంతువులనూ, తల్లి పోయిన పిల్లలనూ బాగుచేసి తిరిగి అడవికి పంపే కేంద్రంలో డాక్టరమ్మ జంతు వైద్యురాలు. సిబ్బంది ఇళ్ళు కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి. అక్కడి నియమాలన్నీ ఒక ఎత్తు, మౌనం ఒక్కటీ ఒక ఎత్తు. ఎలుగు పిల్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఒళ్ళంతా ముతక గొంగళి కప్పుకుని, ముసుగేసుకుని వెళ్ళాలి. ఒక్క మాట పలకకూడదు. తిండి చేతికివ్వకుండా ఆకుల కింద దాచి, అదే వెతుక్కునేలా చేయాలి. పేరసలే పెట్టకూడదు. పేరంటూ పెడితే పిలవాలనిపిస్తుంది. పిలుపుకు అలవాటుపడిన ఎలుగు ఇక అడవికి పనికిరాదు. లోపలున్నప్పుడు దగ్గొస్తే డాక్టరమ్మ నోరు నొక్కుకుని బయటికి పరుగెత్తేది. ఏడాదిపాటు అలా గొంతు బిగబట్టి పెంచింది దాన్ని.

పరీక్ష చూడ్డానికి చాలా తేలిక. అది ఎన్నడూ చూడని పెద్ద అధికారి కంచె దాకా నడుస్తాడు. పిల్ల పారిపోతే పాసు, ఎదురొస్తే ఫెయిలు.

అది ఎదురొచ్చింది. ఎదురురావడమేమిటి, ఉరుకుతూ వచ్చింది. వెనక కాళ్ళ మీద లేచి, కంచెలోంచి మూతి బయటపెట్టి, ఏం తెచ్చావన్నట్టు నోరు తెరిచింది.

అధికారి నిట్టూర్చాడు. “ఎవరో బాగా గారాబం చేశారు డాక్టరమ్మా. వానలు పడేలోపు ఇంకోసారి వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే జూకి రాసేయడమే.”

డాక్టరమ్మ సిబ్బందిలో ఒక్కొక్కరినీ మనసులోనే ఉద్యోగంలోంచి పీకేస్తూ ఇంటికి నడిచింది. గుమ్మంలోనే అత్తగారు ఎదురైంది.

“ఏమైందమ్మాయ్? బొద్దుగాడు పాసయ్యాడా?”

డాక్టరమ్మ ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండానే ఆగిపోయింది.

“బొద్దుగాడెవరు అత్తయ్యా?”

పెద్దావిడ నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

“ఎన్నాళ్ళుగా జరుగుతోందిది?”

“మధ్యాహ్నాలు... మీరంతా భోజనాలకెళ్ళినప్పుడు. వెనకవైపు కంచె దగ్గర. ఒక్క అరటిపండేనమ్మా! తల్లిలేని పిల్ల అలా మూలుగుతుంటే చెవుల్లో దూది పెట్టుకోనా? నేను ముగ్గుర్ని పెంచినదాన్ని.”

“మనుషుల్ని పెంచారు! ఇది మనిషి కాదు!” డాక్టరమ్మ గొంతు పక్కింటికి వినిపించింది. వినిపించనీ అనుకుంది. “అడవిలో మనిషి కనిపిస్తే అది మీరేననుకుని ఎదురెళ్తుంది. వాడి చేతిలో అరటిపండు ఉండదు అత్తయ్యా, గొడ్డలుంటుంది!”

“ఏదో తెలియక చేసింది...” అంటూ భర్త లోపలినుంచి వచ్చాడు.

“మీరు మధ్యలో రావద్దు. తెలియకా? చిలక్కి చెప్పినట్టు చెప్పాను! నేను ఏడాది నోరు కుట్టుకుని పెంచితే, ఈవిడ కబుర్లు చెప్పి పాడుచేశారు!”

పెద్దావిడకూ రోషం వచ్చింది. “నువ్వు అక్కడ నోరు కుట్టుకుంటావు. ఇంటికొచ్చాకైనా విప్పుతావా? నా కొడుకేమో ఫోనులోంచి తలెత్తడు. ఈ ఇంట్లో నా మాట వినేదెవరు? చెప్పు! బొద్దుగాడు విన్నాడు.”

“అయితే విన్నందుకు మీరే చంపేశారు దాన్ని. ముద్దుచేసి మరీ చంపారు.”

పెద్దావిడ కళ్ళు తుడుచుకోకుండానే తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. డాక్టరమ్మకు జాలి కలగలేదు. కడుపు మండిపోతుంటే జాలికి చోటెక్కడిది?

మర్నాటినుంచి పిల్లకు భయం నేర్పడం మొదలుపెట్టారు. సిబ్బంది ముసుగులు తీసేసి, పళ్ళేలు మోగించి, గులకరాళ్ళు విసిరి, నోటికొచ్చినట్టు అరిచారు. పిల్ల బెదిరింది. బెదిరి తిన్నగా వెనకవైపు కంచె దగ్గరికి పరుగెత్తి, ఇళ్ళవైపు చూస్తూ మూలిగింది. రోజూ అదే వరస. లోకంలో మనుషులంతా చెడ్డవాళ్ళే, ఒక్క మనిషి తప్ప. ఆ ఒక్క మనిషీ చెడ్డదైతే తప్ప దానికి అడవి దక్కదని డాక్టరమ్మకు అర్థమైంది.

ఆ సాయంత్రం ఆవిడ అత్తగారి గది తలుపు తట్టింది. కోపం ఇంకా అలాగే ఉంది. గర్వాన్ని మాత్రం దిగమింగింది.

“అత్తయ్యా, దాన్ని మీరే తిట్టాలి. మీరే రాయి విసరాలి.”

“నా వల్ల కాదు. కన్నపిల్లల్నే ఏనాడూ కసరలేదు. నాకు తిట్టడం రాదు.”

“నాకు బాగా వచ్చు. నేర్పిస్తాను.”

మొదటిరోజు పెద్దావిడ కంచె దగ్గర పళ్ళెం పట్టుకుని, “పోరా... పో నాన్నా... ఛీ పో,” అంది. పిల్ల సంతోషంగా వచ్చి కంచెకు ఒళ్ళు రుద్దుకుంది.

“అది తిట్టా, జోలపాటా?” పళ్ళు నూరింది డాక్టరమ్మ.

“కోపం రావడంలేదే! దాన్ని చూస్తే ఎలా వస్తుంది?”

“దాన్ని చూడకండి. నన్ను చూడండి. ఆ రోజు గుమ్మంలో నేనేమన్నానో గుర్తు తెచ్చుకోండి.”

పెద్దావిడ కోడలివైపు చూసింది. చాలాసేపు చూసింది. ముఖం ఎర్రబడింది. చటుక్కున కంచెవైపు తిరిగి పళ్ళేన్ని ఇనుప స్తంభానికేసి బాదింది.

“నేను చంపానా? నేనా? పో! పోరా ఇక్కణ్ణుంచి! నీకిక్కడ ఎవరూ లేరు! నా ముఖం చూడకు, పో!”

విసిరిన రాయి పిల్ల ముక్కుకు తగిలింది. అది కుయ్యిమని వెనక్కి పడింది. నమ్మలేనట్టు ఒక్క అడుగు మళ్ళీ ముందుకేసింది. ఇంకో రాయి తగిలింది. అప్పుడు పరుగెత్తింది. పెద్దావిడ గొంతు బొంగురుపోయేదాకా అరుస్తూనే ఉంది. ఆ రోజునుంచి రోజూ వచ్చి అరిచింది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. కొడుకు ఫోను పక్కనపడేసి తల్లి పక్కన కూర్చోవడం నేర్చుకున్నాడు. ఏడవద్దని ఎవరూ అనలేదు. అనే హక్కు ఎవరికుంది?

మబ్బులు కమ్ముకుంటున్న రోజున అధికారి మళ్ళీ వచ్చాడు. ఆయన్ను చూసి పిల్ల చెట్టెక్కింది. ఆయనకది చాలలేదు.

“దీన్ని గారాబం చేసిన మనిషిని పిలవండి. చేతిలో పండు పెట్టండి. తిట్టకుండా ముద్దుగా పిలవమనండి.”

పెద్దావిడ కంచె దగ్గరికి వెళ్ళి అరటిపండు చాచింది. “బొద్దుగాడూ... రారా,” అంది.

కొమ్మ మీద పిల్ల ఆ గొంతు విని చెవులు రిక్కించింది. కిందికి దిగింది. అది పెద్దావిడ ముఖంలోకి ఒక్కసారి చూసి, గిర్రున తిరిగి, పొదలు విరుచుకుంటూ ఆవరణ అవతలి కొసకు పారిపోయింది.

“అడవికి రాస్తున్నాను,” అన్నాడు అధికారి.

పెద్దావిడ చాచిన చేయి చాచినట్టే ఉంది. “నన్ను చూసి పారిపోయాడే అమ్మాయ్,” అంది. అందులో గర్వమెంతో దుఃఖమెంతో ఆవిడకే తెలియదు. కాళ్ళు మడిచి అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

డాక్టరమ్మ పక్కనే కూలబడి ఆ చేయి పట్టుకుంది. ఇన్నాళ్ళ కోపమూ నీరైపోయి కళ్ళలోంచి కారింది.

“నన్ను క్షమించండి అత్తయ్యా. ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.”

“తీసుకోకు,” అంది పెద్దావిడ వెక్కుతూ. “ఆ మాటే లేకపోతే వాణ్ణి అంతలా కసిరేదాన్నా?”