ఉత్తరం వెనకవైపు

ఆ ఆదివారం పొద్దున, కాఫీ చల్లారిపోతున్నా మార్కండేయులు మాష్టారు ఆల్బమ్ ముందునుంచి లేవలేదు. జాతీయ నాయకులు స్వదస్తూరితో రాసిన ఉత్తరాలు పద్దెనిమిది సంపాదించారాయన. ఒక్కోదాని కోసం ఎన్ని గడపలు తొక్కారో లెక్కలేదు. ఎల్లుండి, స్వాతంత్ర్య రజతోత్సవం నాడు, బాపట్లలో వాటి ప్రదర్శన.

"నా పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఏ ఉత్తరం ఏ తేదీదో నిద్రలో లేపి అడిగినా చెబుతారు" అని ఎత్తిపొడిచింది భార్య శేషారత్నం.

నోటితో అలా అన్నా, మొదటి పేజీ చూస్తే ఆమెకూ గర్వమే. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఒక పెద్ద నాయకుడు రేపల్లెలో ఉన్న ఆమె తండ్రికి రాసిన ఉత్తరం అది. పోయేముందు తండ్రి దాన్ని అల్లుడి చేతిలో పెట్టాడు.

అంతలో బాపట్ల నుంచి పొద్దుటి బండికి శేషారత్నం తల్లి చెల్లెలు రావమ్మ పిన్ని దిగింది. కాళ్ళు కడుక్కుని వచ్చి ఆల్బమ్ ముందు చతికిలబడింది.

"ఇది మా బావగారి ఉత్తరమేగా? వెనక్కి తిప్పండి అల్లుడుగారూ, అక్క రాసింది చూస్తాను."

"అమ్మ రాసిందా? ఏంటి పిన్నీ?"

"నీకు తెలీదుటే? మీ నాన్న జైల్లో ఉంటే దాని వెనకాల పెన్సిల్‌తో రాసింది. ఆ మహానుభావుడి దస్తూరి ఉన్న కాగితాన్ని జైలువాళ్ళు ఆపరని అక్క ధైర్యం! పంపేలోపే జ్వరమొచ్చి పోయింది. మీ నాన్న ఎవరికీ చూపించేవాడు కాదు."

శేషారత్నానికి తల్లి ముఖం తెలియదు. ఇంట్లో ఫోటో అయినా లేదు.

"ఏమండీ, తిప్పండి."

మాష్టారు తల దించుకున్నారు. "తిరగదు రత్నం. కాగితమంతా జిగురు రాసి అంటించేశాను."

"వెనకాల చూడలేదా?"

"చూశాను. ఎవరో ఆడవాళ్ళ గీతలనుకున్నాను. చదవలేదు."

ఆ మాట ఆమె గుండెలో గుచ్చుకుంది. "ఊళ్ళోవాళ్ళ ఉత్తరాల కోసం కాళ్ళరిగేలా తిరిగారు. మా అమ్మది చేతిలోకి వస్తే చదవబుద్ధి కాలేదా?"

ఆయన బ్లేడుతో ఒక మూల లేపబోయారు. కాగితం చిరిగింది. "నీళ్ళలో నానబెడితే ఊడుతుంది. పెన్సిల్ రాత నిలుస్తుంది గానీ, ఇవతల సిరా మొత్తం కారిపోతుంది" అన్నారు మెల్లగా.

ఆయన ఇరవయ్యేళ్ళ కష్టంలో అదే మొదటి పేజీ. శేషారత్నం కళ్ళు తుడుచుకుంది. "వద్దులెండి. ఇన్నాళ్ళూ అది లేకుండానే బతికాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి వసారాలో నీళ్ళు పోసిన చప్పుడైంది. శేషారత్నం పరుగున వచ్చి చూస్తే, వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో మొదటి పేజీ మునిగి ఉంది. నీళ్ళు నీలంగా మారుతున్నాయి.

"ఎంత పని చేశారండీ!"

"ఆయన రాసింది నాకు నోటికొచ్చు రత్నం. మీ అమ్మ రాసింది ఎవరికీ రాదు."

ఊడిన కాగితాన్ని తువ్వాలు మీద పరిచారు. వంకరటింకర అక్షరాలు చెక్కుచెదరలేదు. శేషారత్నం కూడబలుక్కుని చదివింది:

"అమ్మాయి లేచి నిలబడుతోంది. అడుగు వెయ్యబోతే పట్టుకుని కూర్చోబెడుతున్నాను. మొదటి అడుగు మీరు చూడాలి. తొందరగా రండి."

"ఓసి మా అక్క తెలివి!" రావమ్మ పిన్ని ఏడుస్తూనే నవ్వింది. "నీకు నడక రాలేదని నేను కాళ్ళకి ఎన్ని నూనెలు రాశానే!"

శేషారత్నం భర్త రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "మా అమ్మని నాకు తెచ్చిచ్చారు."

"అతికించి దాచేసిందీ నేనేగా" అన్నారాయన.

పదిహేనో తేదీన బాపట్లలో ఒక పెద్దమనిషి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"పద్దెనిమిదన్నారు, పదిహేడే ఉన్నాయేంటి మాష్టారూ?"

"ఇంకోటి ఇంట్లో ఉందండి" అన్నారు మాష్టారు. "మా ఆవిడ చదువుకుంటోంది."