సమాధుల తోటలో వికెట్లు

ఆటో గేటు దాటి లోపలికి రాగానే ఐదో తరగతి ఫెబా బ్యాటింగ్ ఆపేసింది.

ఆటోలో ఒక బేతంచెర్ల నాపరాతి బండ ఉంది. బాలమ్మవ్వ దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది, పక్కన మేస్త్రి. ఆళ్లగడ్డకు పోయి, దాని మీద మొగుడి పేరు చెక్కించి తెచ్చింది.

నంద్యాలలో ఫెబా వాళ్ల పేటకు పార్కన్నా, శ్మశానమన్నా ఈ సమాధుల తోట ఒక్కటే. ముందు ఉయ్యాలలు, జారుడుబల్ల, పెద్దవాళ్లు వాకింగ్ చేసే బాట. వెనక సమాధులు. చివరి వరసలో మాత్రం ఉత్త మట్టి దిబ్బలే. ఎవరి దిబ్బ ఏదో తెలియాలి కదా, అందుకని ఇంటివాళ్లు తల దగ్గర ఒక రాయి పెట్టుకుంటారు. అదొక్కటే గుర్తు.

పిల్లలకు ఒకటే షరతు. సమాధుల జోలికి పోకూడదు. పోతే ఆటలు బంద్ అని వాచ్‌మన్ అంకన్న తాత ఎప్పుడో చెప్పాడు. ఆయన మాటంటే మాటే.

మరి మన ఫెబా ఏం చేసింది? నిన్న వికెట్లకు ఏమీ దొరకలేదని ఆ చివరి వరసలోంచి రాళ్లు పీక్కొచ్చింది. ఆట అయ్యాక వాటిని తోచిన దిబ్బల మీద పడేసి ఇంటికి పరుగెత్తింది. రాళ్లే కదా అనుకుంది.

ఇప్పుడు బాలమ్మవ్వ నేరుగా నల్ల రాయి ఉన్న దిబ్బ దగ్గరికి పోయింది.

"ఈడే మేస్త్రీ. ఈ రాయి నేనే పెట్టినా" అంది.

మేస్త్రి సిమెంటు మాలు కలపడం మొదలుపెట్టాడు.

"మానసా, అది వాళ్లది కాదే. ఆ రాయి నిన్న నేను పడేసింది" అని ఫెబా స్నేహితురాలి చెవిలో చెప్పింది.

"ఊరికే ఉండు. చెప్తే రేపట్నుంచి మనం యాడ ఆడుకోవాల? అవ్వకేం తెలుస్తాది?" అంది మానస.

నిజమే, అవ్వకు తెలియదు. ఆమె ఆ దిబ్బ మీద దుమ్మును కొంగుతో తుడుస్తూ ఉంది. "ఏమయ్యా, పేరున్న బండ తెచ్చినా. ఇంక నిన్నెవరూ తొక్కరులే" అంటోంది. ఆ మాటలన్నీ ఎవరో వేరే ఆయనకు చెప్తోంది.

ఫెబా అది చూడలేకపోయింది. మేస్త్రి తాపీతో మాలు ఎత్తాడు.

"ఆగన్నా" అంటూ ఫెబా పరుగెత్తింది. "అవ్వా, ఈ దిబ్బ కాదు. నీ రాయి నేనే తీసినా. వికెట్టుకు."

బాలమ్మవ్వ చేయి దిబ్బ మీదే ఆగిపోయింది.

"యాడ తీసినావ్?" అంది. "నాకు చదువు రాదు పాపా. ఆ రాయే నాకు గుర్తు."

ఫెబా వరసంతా చూసింది. దిబ్బలన్నీ ఒకేలా ఉన్నాయి. ఏడుపొచ్చింది. రాయి పీకినచోట గుంట ఉంటుంది కదా అని, మోకాళ్ల మీద కూర్చుని గడ్డి తప్పిస్తూ వెతికింది. మూడు గుంటలు కనిపించాయి. నల్ల రాయి తెచ్చి పెట్టి చూస్తే, మొదటి గుంటలో వదులైంది. ఇంకోదాంట్లో పట్టనే లేదు. మూడో గుంటలో కదలకుండా కూర్చుంది.

అవ్వ రాయిని అరచేత్తో నొక్కి చూసింది. "ఇదే" అంది.

మేస్త్రి అక్కడ బండ నిలబెట్టాడు.

"ఏమని రాసినారో చదువు" అంది అవ్వ.

"చాగలమర్రి జకరయ్య" అని ఫెబా చదివింది. అవ్వ కళ్లు తుడుచుకుంది. ఫెబాను తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు.

గేటు దగ్గర్నుంచి వచ్చిన అంకన్న తాత మాత్రం ఊరుకోలేదు. "వారం దినాలు ఈడ బ్యాటు కనబడగూడదు" అన్నాడు.

"వారమే. బతికిపోయినాం, రా పోదాం" అని మానస చేయి లాగింది.

ఫెబా కదలలేదు. మిగతా రాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. చెప్తే వారం కాస్తా నెలవుతుంది.

"తాతా, వికెట్లు మూడు" అంది. "ఇంకా రెండు రాళ్లు పెట్టాల."

ఆయన ఏమంటాడో అని ఆగకుండా, ఒక రాయి ఎత్తుకుని మొదటి గుంట దగ్గరికి నడిచింది.