కలిసి ఆరిన ఫోన్లు

మంగళవారం ఉదయం ఓక్లండ్‌లో, సరస్సు చుట్టూ పరుగెత్తేవాళ్ళు ఇళ్ళకు మళ్ళుతున్న వేళ, డెస్మండ్ హేల్ బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. మెడ వెనక సూదిమొనంత ఎర్రటి చుక్క ఉంది.

ఆ కబురు అందిన గంటకు గిడియన్ ప్రాట్ తన ఫోన్ తెరిచాడు. ఊరంతా కబుర్లాడుకునే పోర్చ్‌టాక్ యాప్‌లో అతనికి దొంగపేరుతో ఒక ఖాతా ఉంది. ఈ ఊళ్ళో ఖాతా లేనివాడినే జనం అనుమానిస్తారు కనుక గూఢచారికీ అది తప్పదు. తెర మీద నవ్వు ముఖాలు మూడు కనిపించాయి. ‘వీళ్ళు మీకు తెలుసా?’ అని యాప్ అడుగుతోంది.

మొదటివాడు డెస్మండ్. రెండోవాడు పదిరోజుల కిందట ఇలాగే పోయిన ఫెలిక్స్. మూడో మనిషి మిలెనా. ఆమె ఇంకా బతికే ఉంది.

ముగ్గురూ గిడియన్‌కు రహస్యాలు చేరవేసినవాళ్ళే. వాళ్ళతో అతను ఫోన్‌లో ఏనాడూ ఒక్క మాట మాట్లాడలేదు. మరి చచ్చినవాళ్ళను వెంటబెట్టుకొచ్చి పలకరింపజేస్తున్నదెవరు?

“వాళ్ళను కలవడానికి వెళ్ళేముందు ఫోన్ ఏం చేస్తావ్?” అడిగింది పై అధికారి లొరెయిన్.

“ఇదేం ప్రశ్న మేడమ్? ఆపేసి, ఆఫీసు రేకుడబ్బాలో పడేసి పోతా. వాళ్ళకూ ఆపేయమనే నేర్పా. ఇన్నేళ్ళూ మనమంతా చేసేది అదేగా?”

“అదే కొంప ముంచింది. నీదీ వాళ్ళదీ ఒకే నిమిషానికి ఆరుతున్నాయి, ఒకే నిమిషానికి వెలుగుతున్నాయి. మీ మధ్య ఏదో ఉందని ఆ యంత్రానికి తెలిసిపోయింది.”

పోర్చ్‌టాక్ ప్రతి గురువారం పన్నెండు గంటలకు తన సమాచారాన్ని పరిశోధకుల కోసమని అందరికీ తెరిచి పెడుతుంది. అందులో పేర్లుండవు. ఏ నంబరు ఎక్కడ ఎప్పుడు ఆరిందో మాత్రం ఉంటుంది. గిడియన్ మనుషుల్ని చంపుతున్న విదేశీ ముఠాకు తాళం పగలగొట్టే శ్రమ కూడా లేదు. లొరెయిన్ ఆరా తీస్తే తేలింది: గిడియన్ నంబరేదో వాళ్ళ చెవిన వేసింది సబీన్. పోర్చ్‌టాక్‌లో పెద్ద అధికారి, పైకి గిడియన్ వైపు మనిషి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినా గౌను అంచు తడవనివ్వని అందగత్తె.

అంటే డెస్మండ్‌ను చంపించింది గిడియన్ సొంత జాగ్రత్తే.

“మిలెనాను ఇవాళే దాచేద్దాం మేడమ్.”

“రానంటోంది. మాయమైతే రహస్యాలు చేరవేసింది తనేనని ఒప్పుకున్నట్టేనట. చెల్లెలు ఇంకా ఆ ముఠా దేశంలోనే ఉందట. నువ్వు ఆమెను కలిసింది రెండుసార్లే. రెండోది ఈ గురువారం ఫైల్లో వస్తుంది. దాంతో నీ మనిషి మిలెనాయేనని వాళ్ళకు ఖాయమైపోతుంది.”

“అయితే వాళ్ళకు వేరే మనిషిని ఖాయం చేద్దాం,” అన్నాడు గిడియన్.

బుధవారం అతను సబీన్‌ను మూడుసార్లు కలిశాడు. పదింటికి కాఫీ దుకాణంలో, ఒంటిగంటకు మ్యూజియంలో, నాలుగింటికి ఫెర్రీ రేవులో. ఆ మూడుసార్లూ అతని ఫోనూ సబీన్ ఫోనూ కలిసే ఆరాయి, మిలెనా ఫోన్ మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంది.

“ఏంటయ్యా, ఒక్కరోజులో మూడుసార్లు? మనసు పడ్డావా?” అంది సబీన్ రేవులో.

“పడితే తప్పా?”

“తప్పు కాదు, ఆలస్యం,” అని నవ్వి, ఎవరూ చెప్పకుండానే ఫోన్ ఆపేసి సంచిలో వేసుకుంది. నేర్చిన విద్య మరి. రేవుగాలికి ఆమె జుట్టు పక్కకు తొలగి తెల్లటి మెడ కనిపించింది. గిడియన్ చూపు తిప్పుకున్నాడు.

గురువారం పదకొండున్నరకు వాటర్ హీటర్ బాగుచేసేవాడి వేషంలో అతను మిలెనా వంటింట్లో ఉన్నాడు. ఎదురుగా బూడిదరంగు కారు ఆగి ఉంది.

“నిన్నటి నుంచీ అక్కడే. దిగరు, కదలరు. పాపం, భోజనానికి పిలవనా?” అంది మిలెనా.

పదకొండు యాభై ఎనిమిదికి కారులోంచి ఒకడు దిగాడు. చెయ్యి కోటు జేబులోనే ఉంచుకుని రోడ్డు దాటి మెట్లెక్కసాగాడు. గిడియన్ తలుపు వెనక పిస్తోలు పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండయింది. గుమ్మం ముందు వాడి ఫోన్ మోగింది. వచ్చిన సందేశం చదువుకున్నాడు, తలుపు వైపు ఒకసారి చూశాడు, వెనుదిరిగాడు. కారు వెళ్ళిపోయింది.

మిలెనా నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ కారు ఎక్కడికి పోతుందో తెలిసిన గిడియన్‌కు సంతోషం రాలేదు. రెండు నిమిషాలకు, ఈసారి ఆపకుండా వెంట తెచ్చుకున్న అతని ఫోన్ మోగింది.

“ఫైలు చూశాను,” అంది సబీన్. గొంతులో నవ్వు లేదు. “నన్నే బలిపెట్టావు కదూ?”

“మా వాళ్ళు మీ ఆఫీసు కిందే ఉన్నారు. ముఠాలో ప్రతివాడి పేరూ చెప్పెయ్, నిన్ను మేం చూసుకుంటాం.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

“చెప్తాను. దిగి వస్తున్నా. ఫోన్ ఆపెయ్యనా?”

“ఆ పని మాత్రం చెయ్యకు,” అన్నాడు గిడియన్. “ఈ ఊళ్ళో చచ్చేది ఫోన్ ఆపేసినవాళ్ళే.”