మందు ఎక్కువైంది

"ఇంజను ఆపినందుకు నన్ను లోపలేస్తారటండీ!"

గుమ్మంలో నిలబడ్డ మనిషికి రెండు చేతులా మోచేతుల దాకా కట్లున్నాయి. వానకు అవి తడిసి బరువెక్కాయి. అతను వీధి చివర గ్యారేజీ నడిపే మెకానిక్కు. కుర్చీ చూపించినా కూర్చోకుండా, ఎవరో తరుముకొస్తున్నట్టు తలుపు వైపే చూస్తున్నాడు.

ప్రైవేటు డిటెక్టివుగారి అసలు పేరు బోర్డు మీదే ఉంది గాని, ఆ వీధిలో అందరికీ ఆయన సందేహంగారు. ఏ ప్రశ్న అడగాలన్నా ముందు "ఒక్క సందేహం" అనడం ఆయన అలవాటు. సహాయకుడు ఆయనకు స్వయానా బావమరిది. బావగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం దొరికి ఉంటుందని నమ్మే మనిషి.

"ఏ ఇంజను?" అన్నారు సందేహంగారు.

"బేకరీ అయ్యగారి వ్యానుదండీ. మొన్న మధ్యాహ్నం ఆయిల్ మార్చి ఇచ్చాను. కొలపుల్ల మీద రెండు గీతలుంటాయి కదా, వాటి మధ్యకే పోశాను. మర్నాడు పొద్దున్నే అయ్యగారు షెడ్డులో షట్టరు ఎత్తకుండానే స్టార్ట్ చేశారు. ఇంజను కాస్త వేడెక్కాక షట్టరు తీయడం ఆయన అలవాటు. అంతే, అది ఒక్కసారిగా అరవడం మొదలెట్టింది. తాళం తీసేసినా ఆగలేదు."

"తాళం తీసినా ఆగకపోవడమేమిటయ్యా?" అన్నాడు బావమరిది.

"డీజిల్ ఇంజను కదండీ. ఆయిల్ మరీ ఎక్కువైతే లోపల చిలికినట్టయి నురగ లేస్తుంది. ఆ నురగ గాలి గొట్టంలోంచి మళ్లీ ఇంజనులోకే వస్తుంది. ఇక దానికి డీజిల్ అక్కర్లేదు, తన ఆయిలు తనే తాగుతుంది. షెడ్డంతా పొగ కమ్మేసి అయ్యగారికి షట్టరు గొలుసు కనపడలేదు. నేను కిటికీ పగలగొట్టి దూకి, చొక్కా విప్పి గాలి గొట్టంలో కుక్కితే అప్పుడు ఆగింది. ఆ వేడికే చేతులిలా కాలాయి."

అయ్యగారు ఆసుపత్రిలో ఉన్నారు, స్పృహ లేదు. ఇంజనులో ఆయిలు పై గీతకు నాలుగు వేళ్ల పైన ఉందని పోలీసులు తేల్చారు. ఎలా ఆపాలో తెలిసినవాడికి ఎలా రేపాలో తెలీదా అని ఇన్‌స్పెక్టరు వాదన. పైగా గ్యారేజీ గది బేకరీవాళ్లదే. ఖాళీ చెయ్యమని ఆ ఇంటి అల్లుడు అడగడం, ఇతను కుదరదనడం వీధంతా విన్నదే.

"సాయంత్రం స్టేషనుకు రమ్మన్నారు. పారిపోతే తప్పు చేసినట్టు, వెళ్తే బయటికి రానట్టు. అయ్యగారికి ఏమైనా అయితే హత్య కేసే. ఎటు కదిలినా గోడేనండీ!" అంటూ అతను ఏడ్చేశాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు లేవు పాపం. బావమరిదే తన రుమాలుతో తుడిచాడు.

ముందు గ్యారేజీకి వెళ్లారు. ఇరుకు గది, ఒకే తలుపు. లోపల ఆయిలు పీపా, దాని పక్కన ఇత్తడి గరాటా, గోడ మీద సుద్దతో "ఇక్కడ మందు పోయబడదు" అన్న అక్షరాలు.

"ఇది గ్యారేజీయా, బారా?" అన్నాడు బావమరిది. మెకానిక్కుకు నవ్వే ఓపిక లేదు. సందేహంగారు మాత్రం ఆ గోడ వైపు చాలాసేపు చూసి, పీపాలో వేలు ముంచి ఎత్తారు. ఆయిలు నీళ్లలా చుక్కలు చుక్కలుగా జారిపోయింది.

బేకరీ వెనకే యజమాని ఇల్లు. ముందుగది నిండా అట్టపెట్టెలు, మనిషి పక్కవాటుగా నడిస్తే తప్ప లోపలికి దారి లేదు.

"మా అల్లుడి సరుకండీ. ఏదో ఏజెన్సీ అట," అంది యజమానురాలు నీరసంగా. "ఇల్లు నాదో పెట్టెలదో తెలియడం లేదు."

"ఒక్క సందేహం. షెడ్డులోంచి బయటికి తెచ్చినప్పుడు మీవారు ఏమైనా అన్నారా?"

"ఏమీ అనలేదు." జవాబు ప్రశ్న కన్నా ముందే వచ్చినట్టుంది.

సందేహంగారు మంచినీళ్లు అడిగి, వంటింటి గుమ్మం దాకా ఆవిడ వెనకే వెళ్లారు. గట్టు మీద నూనె డబ్బా బోర్లించి ఉంది.

"నూనె పారబోశారా అమ్మా?"

"పాడు వాసనండీ. నిన్న గరాటాతో డబ్బాలోకి వంచాను, నూనెంతా కంపు కొట్టింది. గరాటా ఎన్నిసార్లు తోమినా జిడ్డు వదలదు. మొన్న రాత్రి వెతికితే కనిపించలేదు, నిన్న చూస్తే మేకుకే వేలాడుతోంది." అంతలోనే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీకొక్కరికే చెబుతాను. ఎవరితోనూ అనకండి. ఆయన నా చెవిలో 'మందు ఎక్కువైంది' అన్నారు. పిల్ల మీద ఒట్టేసి మానేసిన మనిషి, ఇన్నేళ్ల తర్వాత నన్నిలా మోసం చేశారు. ఆసుపత్రిలో గుమ్మం దాకా వెళ్తున్నాను గాని, ఆ మంచం దగ్గరికి వెళ్లబుద్ధి కావడం లేదండీ."

బయటికొచ్చాక బావమరిది గుసగుసలాడాడు. "తేలిపోయింది బావా! తాగిన మత్తులో ఆయనే ఏదో చేసుకున్నాడు."

"తాగినవాడు ఇంజనులో ఆయిలు నాలుగు వేళ్లు పెంచగలడా?" అంటూ సందేహంగారు బేకరీ ఫోను అందుకుని ఆసుపత్రికి చేశారు. డాక్టరును ఒకే ప్రశ్న అడిగి, జవాబు విని పెట్టేశారు. తర్వాత షెడ్డులో, ఇంజనులోంచి తీసిన ఆయిలు పళ్లెంలో వేలు ముంచారు. అది వేళ్ల మధ్య పాకంలా తీగ సాగింది.

సాయంత్రం అందరినీ ఆ షెడ్డులోకే పిలిచారు. వాన జల్లు లోపలికి కొడుతోందని షట్టరు దించించారు. మధ్యలో వ్యాను, చుట్టూ మసిబారిన గోడలు, ఇంకా వదలని పొగ కంపు. ఇన్‌స్పెక్టరు కాలర్ వదులు చేసుకున్నాడు. అల్లుడు షట్టరు గొలుసు దగ్గరే నిలబడ్డాడు. మెకానిక్కు పగిలిన కిటికీ వైపు చూస్తున్నాడు.

"అమ్మా, మీకిచ్చిన మాట తప్పుతున్నాను, క్షమించండి," అన్నారు సందేహంగారు. "స్పృహ తప్పేముందు ఆయన అన్నది రెండే మాటలు. మందు ఎక్కువైంది."

యజమానురాలు కొంగుతో మొహం కప్పుకుంది. ఇన్‌స్పెక్టరు "ఓహో, తాగి నడిపాడన్నమాట!" అన్నాడు. మెకానిక్కు ఏదో చెప్పబోయాడు గాని, అల్లుడు అతని కన్నా ముందే అందుకున్నాడు.

"రెండు సీసాలకే ఎక్కువైపోతుందా? ఇంజనుకు అదేం లెక్క!"

అందరి తలలూ అల్లుడి వైపు తిరిగాయి.

"ఒక్క సందేహం బాబూ," అన్నారు సందేహంగారు. "మందనగానే మీ అత్తగారికి సారా గుర్తొచ్చింది, ఇన్‌స్పెక్టరుగారికీ అంతే. మా బావమరిది సంగతి చెప్పనక్కర్లేదు. ఇంజను మందని నీకొక్కడికే ఎలా తట్టింది?"

అల్లుడి చెయ్యి గొలుసు వైపు వెళ్లింది. ఈలోపే బావమరిది దానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"గ్యారేజీలో ఆయిలు చుక్కలుగా జారుతుంది, ఈ పళ్లెంలోది తీగ సాగుతోంది. ఆయిలు చిక్కబడటానికి పోసే మందు ఇందులో కలిసింది. అది పోయనని మెకానిక్కు గోడ మీదే రాసుకున్నాడు. అసలే సరిపడా ఆయిలున్న ఇంజనులో రెండు సీసాలు దిగితే పొంగకేం చేస్తుంది? ఇత్తడి గరాటా ఉన్న మెకానిక్కుకు వంటింటి గరాటాతో పనిలేదు. ప్రమాదం జరిగాక దాన్ని కడిగి మేకుకు తగిలించిందీ ఇంటి మనిషే. అప్పటికి మావగారు ఆసుపత్రిలో ఉన్నారు, అత్తగారు పాపం నూనె ఎందుకు పాడైందో తెలియక తల పట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారూ, ఆ పెట్టెలు విప్పించండి. ఇంజను మందు సీసాలుంటాయి, రెండు తక్కువగా."

అల్లుడు వ్యాను చక్రం పక్కన కూలబడ్డాడు.

"చంపాలని కాదండీ! వ్యాను పొగ తగ్గితే చూపించి సరుకు అమ్ముకుందామనుకున్నా. ఒక సీసా చాలని దాని మీదే రాసుంది. రెండైతే ఇంకా మంచిదనుకున్నా. పోశానని రాత్రి మావయ్యకు చెప్పాను కూడా. సంతోషించారు."

"సీసా పోయడం తెలివితక్కువతనం," అన్నారు సందేహంగారు. ఆయన గొంతు అంత కటువుగా మారడం బావమరిది ఎన్నడూ వినలేదు. "గరాటా కడగడం నేరం. నీ మావగారిని కాపాడి చేతులు కాల్చుకున్నవాణ్ని జైలుకు పంపి, అతని గదిలో నీ పెట్టెలు సర్దుకుందామనుకున్నావు."

యజమానురాలు కొంగు దించింది. "అంటే... ఆయన తాగలేదా?"

"డాక్టరును అడిగానమ్మా. ఒంట్లో చుక్క లేదు."

ఆవిడ షట్టరును రెండు చేతులా బాదింది. "తియ్యండి! ఎవరైనా తియ్యండి దీన్ని!"

మెకానిక్కు అలవాటుగా గొలుసు అందుకోబోయి, కట్లు చూసుకుని ఆగిపోయాడు. బావమరిది లాగాడు. షట్టరు సగం లేవగానే ఆవిడ వంగి, చెప్పులైనా లేకుండా వానలోకి వెళ్లిపోయింది. అల్లుణ్ని జీపెక్కిస్తూ ఇన్‌స్పెక్టరు, నువ్వు ఇంటికెళ్లవయ్యా అని మెకానిక్కుతో అన్నాడు. అతను ఇంటికి వెళ్లలేదు. కట్లు గుండెకు ఆనించుకుని అమ్మగారి వెనకే పరుగెత్తాడు.

ఆసుపత్రిలో ఆవిడ ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. తడిచీరతోనే మంచం పక్కన కూర్చుని, భర్త చెయ్యి పట్టుకుని చెవి దగ్గరికి వంగింది.

"మీరు తాగలేదని తెలిసిందండీ. నేనే పొరబడ్డాను."

ఆయన వేళ్లు కదిలాయో లేదో నర్సు చెప్పలేకపోయింది. కదిలాయనే గుమ్మంలో నిలబడ్డ మెకానిక్కు అంటాడు. ఆవిడ మాత్రం తెల్లవారేదాకా ఆ చెయ్యి వదల్లేదు.