మంచు లారీ ముందు చంద్రిక

"ఇదీ బ్లేడు. ఇవి దాని కింద బూట్లు," అంది చంద్రిక.

"లారీకి బూట్లేంది?" ఆమె స్నేహితుడు వెంకటేశ్ పకపకా నవ్వాడు.

"బ్లేడు రోడ్డులోకి దిగబడకుండా అవే కాసేది. రాయి తగిలితే ఈ స్ప్రింగులు బ్లేడును వెనక్కి వంగనిచ్చి మళ్లీ నిలబెడతాయి. పైకి లేపేది ఈ హైడ్రాలిక్ జాకీ. లారీకి పట్టి ఉంచేది ఈ పిన్నులు."

చంద్రికకు పదేళ్లు. ఆ రోజు కాలు ఒకచోట నిలవడం లేదు, నోటికి బ్రేకులు అసలే లేవు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అక్కడి అబ్బాసియా పేటలో ఉన్న మనవాళ్లంతా జోర్డాన్ మీదుగా ఇంటికి బయలుదేరుతున్నారు. బస్సు సిద్ధమే, కానీ ఊరి బయట రోడ్డు మీద గాలికి ఇసుక మేట వేసింది. సాయంత్రం చెక్‌పోస్టు మూస్తే మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

చంద్రిక నాన్న గంగాధర్ అల్ రాయ్ షెడ్లలో మెకానిక్. ఏదో చలిదేశం నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన మంచు తోసే లారీని తెచ్చాడు.

"మంచును తోసేది ఇసుకను తోయదా?" అన్నాడు.

బయలుదేరే ముందు అతను క్యాబిన్‌లోంచి ఒక్కో భాగం పేరు పిలుస్తాడు. చంద్రిక దాన్ని చేత్తో తాకి జవాబు చెప్పాలి.

"జాకీ?"

"ఉండాది."

"పిన్నులు?"

అప్పటికే చంద్రిక బస్సు కిటికీ దగ్గర స్నేహితులకు గొప్పలు చెబుతోంది. వెనక్కి తిరగకుండానే, "ఉండాయి నాయనా," అని కేకేసింది.

లారీ కదిలింది. వీధి చివర బ్లేడు ఒక పక్క దబ్బున పడింది. ముందు నడుస్తున్న వెంకటేశ్ ఒక్క గెంతు గెంతాడు. అతని చెప్పు బ్లేడు కింద నలిగిపోయింది.

చంద్రిక పరుగెత్తుకొచ్చింది.

నాన్న తిట్టలేదు. "తాకి చూసినావా?" అని మాత్రం అడిగాడు.

"లేదు నాయనా," అంటూ ఏడ్చేసింది.

జారిపోయిన పిన్ను వెనకాల ఇసుకలో దొరికింది. గంగాధర్ దాన్ని బిగించి మళ్లీ క్యాబిన్ ఎక్కాడు. "మొదటి నుంచి చెప్పు."

బస్సు డ్రైవర్ ఖాసిం వలి హారన్ మోగించాడు. "యల్లా, కదలండి, పొద్దుపోతాంది."

ఇనుము ఎండకు చుర్రున కాలుతోంది. చంద్రిక గౌను అంచు చేతికి చుట్టుకుని ఒక్కొక్కటీ తాకింది.

"పిన్నులు?"

"ఉండాయి."

"కుడి స్ప్రింగు?"

"ఉండాది."

"ఎడమ స్ప్రింగు?"

అది ఉంది. కానీ పట్టుకుని ఊపితే కదిలింది. బస్సులో అందరూ ఆమెనే చూస్తున్నారు. హారన్ మళ్లీ మోగింది. అయినా చంద్రిక స్ప్రింగు మీంచి చెయ్యి తీయలేదు.

"రోంతసేపు ఆగు మామా," అంది ఖాసిం వలితో. తర్వాత క్యాబిన్ వైపు తిరిగింది. "నట్టు వదులుగా ఉండాది నాయనా. దిగు."

గంగాధర్ ఇంజిన్ ఆపి, స్పానర్ తీసుకుని దిగాడు.