దుప్పటి మీద ఛైర్మన్

నలభై ఏళ్లలో మన పెయింటరు క్లబ్బు ఆట ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. పెళ్లినాడు కూడా రెండో సగానికి అందుకున్నాడు. అతను అరిస్తే అవతలి గోల్‌కీపరు బంతి వదిలేసి చెవులు మూసుకునేవాడు. కావాలంటే ఎవరినైనా అడగండి.

ఆ ఉదయం అతను బీరువాలో తల దూర్చి బట్టలన్నీ కిందికి లాగుతున్నాడు. క్లబ్బు ఛైర్మన్ పోయి మూడు రోజులైంది. సాయంత్రం వీధి చివరి స్టేడియంలో, ఆటకి ముందు ఒక నిమిషం మౌనం పాటిస్తారు.

"నా బ్యానరేదే? దుప్పటి మీద రాశానే, అది!"

భార్య టీ వడకడుతోంది. కూతురు పలికింది. "ఎవరికి నాన్నా? అమ్మని గెంటేసినాయనకా? చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా!"

"ఆయనే లేకపోతే క్లబ్బు ఎప్పుడో మూతపడేది. మా చవక టిక్కెట్ల మెట్లకి రేకులు వేయించిందెవరు? వానలో తడవకుండా..."

"నువ్వు తడవలేదులే. అమ్మే తడిసింది, గేటు బయట."

పెయింటరు మళ్లీ బీరువాలో తల దూర్చాడు.

పద్దెనిమిదేళ్లు క్లబ్బు ఆటగాళ్ల చొక్కాలు ఉతికింది అతని భార్య. మరక చూసి ఎవరు ఎటు పడ్డారో చెప్పేది. పదేళ్ల కింద ఛైర్మన్ యంత్రాలు తెప్పించి, ఒక్క పూటలో పదకొండు మంది ఆడవాళ్లని, అంటే సరిగ్గా ఒక జట్టుని, ఇంటికి పంపేశాడు. ఆ శనివారం ఆట వేళకి వాళ్లు పని తిరిగిమ్మంటూ గేటు దగ్గర వానలో నిలబడ్డారు. పెయింటరు "మా ఛైర్మనే మా దేవుడు" అని రాసిన దుప్పటి ఎత్తుకుని వాళ్ల ముందునుంచే లోపలికెళ్లాడు. గెలిచొచ్చి, బురదైన ఆ దుప్పటిని ఆమె చేతిలోనే పెట్టాడు. "కాస్త ఉతికిపెట్టు, అక్షరాలు పోకుండా."

ఇప్పుడామె పెట్టె అడుగునుంచి దాన్ని తీసుకొచ్చింది. ఒక్క అక్షరం చెదరలేదు.

"చన్నీళ్లలో, తిరగేసి ఉతికాను. పోకుండా అన్నారుగా."

"ఇప్పుడేం చెయ్యమంటావ్? ఆయన్ని తిట్టమంటావా?"

"ఆయన్నెందుకండీ? క్లబ్బుని నిలబెట్టాడు, అదీ నిజమే. ఆయనకి నా పేరైనా తెలీదు. మీకు తెలుసుగా."

పెయింటరు దుప్పటి మడత విప్పబోయాడు. చేతులు రాలేదు.

ఒక్క ఆటా తప్పలేదన్నానా? ఇదిగో, తప్పాడు. సాయంత్రం ఆ ఒక్క నిమిషం మౌనానికి స్టేడియం హోరు ఒక్కసారిగా ఆగింది. కిటికీ పక్క బల్ల మీద కూర్చున్న భార్య ఎదుట నిలబడి, నేల చూపులు చూస్తూ అన్నాడు:

"ఆ రోజు నిన్ను చూశానే. చూసే, దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకున్నాను."

"తెలుసు. కింద మీ చెప్పులు కనబడ్డాయి" అని ఫక్కున నవ్విందామె.

గోల్‌కీపరు సంగతి నిజమే. నేను కల్పించింది ఆ నవ్వొక్కటే. నిజానికి ఆమె నవ్వలేదు. బల్ల మీద కాస్త జరిగి, చోటిచ్చింది.