మామిడిపళ్ళకు క్షమాపణ

"కెప్టెన్ గారూ, చలి చంపేస్తోంది. ఇదేనా మీ సర్వీసు?"

అన్నది మనిషి కాదు, నూజివీడు చిన్నరసాల పెట్టె. గన్నవరం నుంచి మస్కట్ వెళ్తున్న ఆ కార్గో విమానంలో మనుషులు ఇద్దరే ఉన్నారు. ఒకరు కెప్టెన్ ముకుందం, రెండోవారు పక్క సీట్లో సంబరంగా కూర్చున్న శాస్త్రవేత్త డాక్టర్ కాదంబరి.

ముకుందం ఏళ్ళ తరబడి ప్యాసింజర్ విమానాలు నడిపి, జనంతో వేగలేక, పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి కార్గోకి మారాడు పాపం. ప్యాసింజర్లు చక్రాలు ఆగకముందే లేచి నిలబడతారు. దారిలో మబ్బు అడ్డొచ్చినా పైలట్నే నిలదీస్తారు. సరుకు అలా కాదు. కట్లు బిగించారో లేదో ఒకసారి చూసుకుంటే చాలు, కాస్త గట్టిగా దిగినా మొహం ముడుచుకునేవాళ్ళుండరు. డ్యూటీకి వేళాపాళా లేదు, టిఫిను ఇంటినుంచే తెచ్చుకోవాలి, నిజమే. అయినా ఆ నిశ్శబ్దం ముందు అవన్నీ ఓ లెక్కా? ఇంకా ట్రయల్ మీదే ఉన్నాడు. ఈ ప్రయోగంలో సరుకు మంచి రిపోర్టు ఇస్తే కార్గోలో పర్మనెంటు, లేదంటే మళ్ళీ ప్యాసింజర్లే గతి.

కాదంబరి కనిపెట్టిన చిప్ బొట్టుబిళ్ళంత ఉంటుంది. పెట్టెకు అంటిస్తే లోపలి వేడి, తేమ, కుదుపు, పళ్ళు మగ్గేటప్పుడు వదిలే గ్యాసు, అన్నీ కొలిచి, సరుకు పడే ఇబ్బందిని కాక్‌పిట్ స్పీకర్లో తెలుగులో చెప్పేస్తుంది. మనం చెప్పేది వింటుంది కూడా.

"ఈ ఎత్తిపొడుపులు ఎక్కడ నేర్చాయమ్మా ఇవి?" అన్నాడు ముకుందం.

"ఇబ్బంది చెప్పుకునే భాష ఎక్కడో ఒకచోట దొరకాలి కదండీ. మీ కంపెనీ కస్టమర్ కేర్‌కి వచ్చిన ఫిర్యాదుల రికార్డింగులన్నీ చిప్‌కి వినిపించాం."

ముకుందం తల పట్టుకున్నాడు. ఎవరినుంచి పారిపోయి వచ్చాడో వాళ్ళే పెట్టెల్లో ఎక్కి కూర్చున్నారన్నమాట.

మామిడికోసం వేడి పెంచాడు. వెంటనే భీమవరం రొయ్యలు అందుకున్నాయి. "మా ఐసు కరిగిపోతోంది. వాళ్ళకో న్యాయం, మాకో న్యాయమా?" వేడి తగ్గిస్తే చిన్నరసాలు "మీ పైవాళ్ళతో మాట్లాడాలి" అన్నాయి. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. అంతలో అరేబియా సముద్రం మీద మబ్బుల్లో పడి విమానం ఊగింది. పెట్టెలన్నీ ఒక్కసారే గొంతెత్తాయి.

"స్పీకర్ కట్టేయనా తల్లీ?"

"కట్టేస్తే రిపోర్టు సున్నా వస్తుందండీ."

ముకుందం చెయ్యి పాత అలవాటున మైకు మీదికి పోయింది. గొంతులో తేనె ఒలికించాడు.

"ప్రియమైన ప్రయాణికులారా, నేను మీ కెప్టెన్ ముకుందాన్ని. మీకు కలిగిన అసౌకర్యానికి మనస్ఫూర్తిగా చింతిస్తున్నాను. వేడి మధ్యరకంగా పెడుతున్నాను. మామిడిపళ్ళ వారూ రొయ్యల వారూ పెద్దమనసు చేసుకుని కాస్త సర్దుకోవాలి. తప్పంతా మాదే."

స్పీకర్ మూగబోయింది. రికార్డింగుల్లో అవతలివాళ్ళు తప్పు మాదేననగానే జనం చల్లబడి ఫోను పెట్టేసేవారు. చిప్పులు ఆ మర్యాద కూడా నేర్చుకున్నాయి. మస్కట్ చేరేదాకా ఒక్క పెట్టె నోరెత్తితే ఒట్టు. ముకుందం తెచ్చుకున్న పులిహోర హాయిగా తిన్నాడు.

తిరిగి రాగానే ఆపరేషన్స్ హెడ్ జోగారావు కబురు పంపాడు.

"సరుకు మిమ్మల్ని తెగ మెచ్చుకుందండీ ముకుందం గారూ. ఏ పైలట్‌కీ ఇలాంటి రిపోర్టు రాలేదు."

"అయితే పర్మనెంటేనాండీ?"

"పర్మనెంటే. ప్యాసింజర్లో. మామిడిపళ్ళకే నచ్చజెప్పినవారు మనుషులకు చెప్పలేరా? మిమ్మల్ని పెట్టెల దగ్గర పెడితే కంపెనీకి నష్టం."

ముకుందానికి ఏడుపొక్కటే తక్కువ. బయట వరండాలో కాదంబరి కనబడితే ఎదురెళ్ళి చేతులు జోడించాడు.

"ఒక్క ఉపకారం చెయ్యమ్మా. ఆ చిప్పేదో ప్యాసింజర్లకు అంటించు. నిజంగా ఇబ్బంది ఉంటే అదే చెబుతుంది, వాళ్ళు నోరు తెరవక్కర్లేదు."

కాదంబరి ఆయనవైపు జాలిగా చూసింది.

"అంటించి చూశామండీ. ఏ ఇబ్బందీ లేదనే చెప్పింది. వాళ్ళు మాత్రం మాట్లాడుతూనే ఉన్నారు."